జాలి తీసేసిన అధ్యాయం

కాగితాల కట్ట భోజనాల బల్ల మీద పడిన చప్పుడుకి వంటింట్లో ఉన్న అత్తగారు కూడా బయటికి వచ్చింది.

"ఇది మీ ఆవిడ రాసిందేనా?" అని తమ్ముణ్ణి అడిగింది టీసీ. రాసిన మనిషి ఎదురుగానే నిలబడి ఉంది. అయినా అటు చూడలేదు.

రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ఆమెది. అందుకే ఇంట్లోనూ చుట్టాల్లోనూ అందరికీ ఆమె టీసీ. బోగీ ఈ చివర నిలబడి ఆమె గొంతు సవరించుకుంటే, ఆ చివర నిద్ర నటిస్తున్నవాడు లేచి కూర్చుంటాడని చెప్పుకుంటారు. మామగారు పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఆఖరి మాట కూడా ఆమెదే. ఇవాళ ఆ గొంతు పెరగలేదు. అందరికీ భయం వేసింది అందుకే.

"అక్కా, అది నవల," అన్నాడు తమ్ముడు. "కల్పించి రాసింది. అందులో ఉన్నవాళ్ళెవరూ..."

"నాకు చదవడం వచ్చురా. ఏడో అధ్యాయంలో మొగుడు వదిలేసిన ఆడపడుచు ఒకతి ఉంది. జోరున వాన. పెట్టె పట్టుకుని పుట్టింటి గుమ్మంలో నిలబడి ఏడుస్తుంది. పేజీ తిప్పితే ఇంకా ఏడుస్తూనే ఉంది. మనింట్లో మొగుడు వదిలేసిన ఆడపడుచులు ఎంతమంది ఉన్నారు?"

కోడలు బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం చేసుకుంటూ, తెల్లారగట్ట లేచి రాసుకున్న పుస్తకం అది. మొదటి మూడు అధ్యాయాలు చదివిన ప్రచురణ సంస్థ, మిగతాది నెలాఖరులోగా పంపమంది. ఆ కబురు వచ్చినప్పుడు అందరికన్నా ముందు ఆమె భుజం తట్టింది టీసీయే. మిగిలిన అధ్యాయాలు చదివి ఎలా ఉన్నాయో చెప్పమని కోడలు భర్తకి ఇచ్చింది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని పిలుపొస్తే కాగితాలు సోఫా మీద పారేసి వెళ్ళాడు. తర్వాత ఆ సోఫాలో కూర్చున్నది అక్క.

"వదినా, నేను మిమ్మల్ని తక్కువ చేసి రాయలేదు," అంది కోడలు. "చదివినవాళ్ళకి మీ మీద..."

"జాలేస్తుంది. అంతేగా?"

కోడలు కాగితాల మీద చెయ్యి వేసింది.

"ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా?" అంది అత్తగారు. "పొయ్యిలో పెట్టు ఆ కాగితాల్ని. పీడా పోతుంది." ఆవిడ కాగితాల వైపు చూడలేదు. కోపంతో కాబోలు అనుకుంది కోడలు.

"ఒక్క అధ్యాయమే కదా," అన్నాడు భర్త, ఇద్దరి మధ్యా నిలబడి. "అదొక్కటీ తీసేస్తే పోలా?"

"తీస్తుందో ఉంచుతుందో ఆవిడిష్టం." టీసీ నల్లకోటు తొడుక్కుంది. "పరువు పోగొట్టే ఆ పుస్తకం ఈ గుమ్మం దాటిన రోజు నేనూ దాటతాను."

తలుపు మెల్లగానే వేసి డ్యూటీకి వెళ్ళిపోయింది.

* * *

"పుస్తకం వెనక్కి తీసుకుంటాను మేడమ్," అంది కోడలు, ఇంట్లో జరిగిందంతా చెప్పి.

మధ్యాహ్నం షాపులో జనం లేరు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ముక్కు మీద నుంచి జారిపోతున్న కళ్ళజోడు తీసి ఆమె చేతికిచ్చింది. పత్రికాఫీసులో ఆదివారం కథల పేజీ చూసి రిటైరైన మనిషి. రచయితలందరూ వెనకాల కత్తెరమ్మ అనుకునేవారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. కళ్ళజోడు బిగించుకోవడానికి ఇక్కడికి వస్తూ పోతూ కోడలి రాతలు చదవడం మొదలుపెట్టింది.

"తీసుకో," అంది కత్తెరమ్మ. "దానికి మొహం అంత వేలాడెయ్యడం దేనికి?"

ఓదారుస్తుందనుకున్న కోడలు తెల్లబోయింది. "మీరు వద్దంటారనుకున్నాను."

"నేనెందుకంటాను? రాయడం మానేస్తానని వచ్చినవాళ్ళని నేనెప్పుడూ ఆపలేదు. మానగలిగినవాళ్ళు మానెయ్యడమే మంచిది, వాళ్ళకీ సుఖం, చదివేవాళ్ళకీ సుఖం. మానలేనివాళ్ళు మర్నాడు మళ్ళీ వస్తారు. నాకు వాళ్ళతోనే పని."

కోడలు చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని కళ్ళజోడు మీదికి వంగింది. "పోనీ ఏడో అధ్యాయం తీసేస్తే?"

"తీసి చూడు. నీ కథలో ఆ చిన్నకోడలు ధైర్యం చేసి ఉద్యోగంలో చేరింది ఎవర్ని చూసి? ఆడపడుచుని చూసి. దూలం పీకేసి కప్పుని నిలబడమంటే నిలబడుతుందా?"

"ఉంచితే ఇల్లు నిలబడదు మేడమ్."

"ఉంచమని నేనన్నానా? అది ఉంచదగ్గ అధ్యాయం కాదు."

స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఆ అధ్యాయం రాసేటప్పుడు కోడలికి నిజంగానే కళ్ళనీళ్ళు వచ్చాయి. పుస్తకంలో అదే గొప్పగా కుదిరిందని అనుకుంటోంది.

"వాన ఎందుకు పడింది?" అని అడిగింది కత్తెరమ్మ.

"బాధగా ఉంటుందని."

"ఆ రోజు నిజంగా పడిందా?"

"తెలీదు. నేనప్పటికి ఆ ఇంటికి కోడలిగా రాలేదు."

"ఆవిడ్ని అడిగావా?"

"అలాంటివి ఎలా అడుగుతాం మేడమ్?"

"అడగలేనిదాన్ని రాయగలిగావన్నమాట."

బయట ఎవరో అద్దంలో మొహం చూసుకుని జుట్టు సర్దుకుని వెళ్ళిపోయారు.

"ఇలా చూడు, అద్దాలమ్మాయ్," అంది పెద్దావిడ, కాస్త గొంతు తగ్గించి. "నీ పుస్తకంలో షాపు యజమాని ఉన్నాడే, అద్దాలు తుడుస్తూ అబద్ధాలాడేవాడు, వాడు నా పక్కనే కూర్చున్నట్టుంటాడు. వాడంటే నీకు భయం లేదు, జాలీ లేదు. తిన్నగా చూశావు. ఆడపడుచుని చూడలేదు, జాలిపడ్డావు. జాలి వేడి కాఫీ ఆవిరి లాంటిది. కళ్ళజోడు మీద పడిందంటే ఎదుటి మనిషి మసకే. కొత్తగా రాసేవాళ్ళందరూ చేసే పనే ఇది. మన గుండె కరిగింది కదా, రాత బాగుందనుకుంటాం. గుండె కరగడం మొదటి మెట్టు. అక్కడే ఆగిపోతే పుస్తకం అవదు."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"వెళ్ళి అడుగు. చెప్పనంటే ఆ అధ్యాయం చెత్తబుట్టకి. చెప్తే నీ భయం చెత్తబుట్టకి."

"తిడితే?"

"శ్రద్ధగా విను. తిట్టేటప్పుడే మనుషులు మంచి వాక్యాలు మాట్లాడతారు."

కత్తెరమ్మ కళ్ళజోడు అందుకుని పెట్టుకుని తల అటూ ఇటూ ఊపి చూసుకుంది. అది మళ్ళీ జారింది. "ఇదీ ఇంకోసారి చెయ్యి," అంది.

* * *

స్టేషన్లో సిబ్బంది విశ్రాంతి గది చివరి ప్లాట్‌ఫారం పక్కన ఉంది. టీసీ బూట్లు విప్పేసి, ఎదుటి కుర్చీ మీద కాళ్ళు పెట్టుకుని టీ తాగుతోంది. గుమ్మంలో కోడలిని చూసి కాళ్ళు దించింది.

"క్షమాపణలైతే ఇంట్లో చూసుకుందాం. ఇక్కడ నలుగురూ ఉన్నారు."

నలుగురూ లేరు. మూల ఒకాయన మొహం మీద తువ్వాలు కప్పుకుని గురకపెడుతున్నాడు.

"అది కాదు వదినా. ఒక్కటడగాలి." కోడలు లోపలికి వచ్చింది. "ఆ రోజు వాన పడిందా?"

చెల్లదో చెల్లుతుందో తేలని టికెట్ చూసినట్టు చూసింది టీసీ. "లేదు," అంది. "మాడిపోయే ఎండ."

"మీరు ఏడ్చారా?"

"లేదు."

"మరి..."

"కూర్చో," అంది టీసీ. "నాకెందుకు ఒళ్ళు మండిందో తెలుసా? పరువనేది అమ్మ ముందు అన్నమాట. అసలు సంగతి అది కాదు. ఆయన నన్ను వదిలేశాడని రాశావు. వదిలేసింది నేను."

పెళ్ళిచూపుల నాటి నుంచీ కోడలు ఆ ఇంట్లో విన్న కథ వేరు. పాపం, మొగుడు వదిలేశాడు. చుట్టాలందరి నోటా అదే.

"కొట్టేవారా?"

"ఉహూ. తాగుడు లేదు, తిరుగుళ్ళు లేవు. అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయాను. నన్నెవరేం అడిగినా జవాబు ఆయనే చెప్పేవాడు. బట్టల షాపులో ఏ రంగు కావాలమ్మా అంటే, నీలం, అనేవాడు. చుట్టాలొచ్చి బాగున్నావా అంటే, బాగుంది, అనేవాడు. ఒకసారి కడుపునొప్పొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఎక్కడమ్మా నొప్పి, అన్నాడు డాక్టరు. ఈ మహానుభావుడు తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఇదిగో ఇక్కడండీ, అని చూపించాడు. నొప్పి నాది, చెయ్యి ఆయనది. పైగా చోటు తప్పు."

కోడలికి నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది.

"నవ్వు, పరవాలేదు. నాకూ నవ్వే వచ్చింది. డాక్టరు ముందే పడీ పడీ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు ఆగిపోయింది. మర్నాడు ఆయన పనికెళ్ళాడు. నాకు బాగా ఆకలేసింది. కడుపునిండా భోంచేసి, కంచం కడిగి బోర్లించి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వచ్చేశాను."

"మరి ఇంట్లో ఎందుకలా..."

"వదిలేసి వచ్చిందంటే నలుగురూ దుమ్మెత్తిపోస్తారు, వదిలేశాడంటే అయ్యో పాపం అంటారు. అలా చెప్పుకుందామని అమ్మే వచ్చి చెప్పింది. సరే అన్నాను. ఆయనా నోరు మెదపలేదు. పెళ్ళాం పోయిందనడం కన్నా పొమ్మన్నాననడం మగాడికి నయం కదా. మధ్యలో మీ ఆయన పోయి ఆయన కాలర్ పట్టుకున్నాడు, అనవసరంగా."

టీ చల్లారిపోయింది. టీసీ గ్లాసు పక్కన పెట్టింది.

"నా కాళ్ళ మీద నేను నిలబడి ఇన్నేళ్ళు ఉద్యోగం చేశాను. అయినా అందరికీ నేను పాపమే. నువ్వు పుస్తకం రాస్తున్నావంటే, ఈ పిల్లయినా నన్ను సరిగ్గా చూస్తుందేమో అనుకున్నాను. నువ్వూ ఆయన చేసిందే చేశావు. నన్నడక్కుండా నా నొప్పి ఎక్కడో చూపించావు. చోటు తప్పు."

కోడలు తల వంచుకుంది. ఏ తిట్టూ అంత లోతుగా దిగి ఉండదు.

బయట రైలు వస్తున్నట్టు మైకులో చెబుతున్నారు. టీసీ వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంది.

"మీరు వద్దంటే రాయను వదినా. ప్రచురించేవాళ్ళకీ అదే చెప్తాను."

"రాయమంటే?"

"మీరు చెప్పింది చెప్పినట్టు..."

"నేనేం డిక్టేషన్ ఇస్తున్నానా? నీ చేతనైనట్టు నువ్వు రాయి. షరతు ఒక్కటే." కోటు సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "నన్ను ఏడిపించకు."

* * *

పాత అధ్యాయం వానతో సహా పోయింది.

కొత్తది అంత తేలిగ్గా రాలేదు. మొదటిసారి రాసినప్పుడు ఆడపడుచు డాక్టరు ముందు లేచి నిలబడి, స్త్రీ గురించి పేజీన్నర ఉపన్యాసం ఇచ్చింది. టీసీ అది చదివి కాగితాలు వెనక్కి ఇచ్చేసింది. "ఇంత మాట్లాడే నోరే ఉంటే నేనెందుకు వచ్చేస్తాను? వాళ్ళందర్నీ వెళ్ళగొట్టి అక్కడే ఉండేదాన్ని."

కత్తెరమ్మ అంతకన్నా తక్కువ మాటల్లో తేల్చేసింది. "జాలి తీసేసి పూలదండ వేశావు. రెండూ మనిషిని కప్పేసేవే."

రెండోసారి కోడలు ఉపన్యాసం తీసేసింది. మూడోసారి పైకి చదువుకుంది, కత్తెరమ్మ చెప్పినట్టు, నాలుక తడబడిన చోటల్లా ఆగి. అలా ఆగిన ప్రతిచోటా ఏదో ఒక అబద్ధం దాక్కుని ఉంది. ఒకచోట తనకి తెలియని సంగతి తెలిసినట్టు రాసింది. ఇంకోచోట అందమైన పోలిక కోసం ఎండని వెన్నెల చేసింది.

ఒక తెల్లవారుజామున ఒక్క వాక్యం కూడా రాక, కాగితం ముందు కూర్చుని కూర్చుని ఏడుపొచ్చి, కత్తెరమ్మకి ఫోన్ చేసింది. "నాకు చేతకాదు మేడమ్."

"బాగా రాద్దామని కూర్చున్నావా?"

"అవును."

"అందుకే రావడం లేదు. ఊరికే రాద్దామని కూర్చో. బాగుచెయ్యడానికి రేపు ఉంది. రాయని పేజీని రేపు కూడా ఎవడూ బాగుచెయ్యలేడు." ఆవలిస్తూ ఫోన్ పెట్టేసింది.

ఆ పూట రెండు పేజీలు వచ్చాయి. రెండూ వంకరే. కానీ ఉన్నాయి, కనక తిన్నగా చెయ్యగలిగింది.

బాల్కనీలో వదినా మరదళ్ళు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుతుంటే భర్తకి ఏమీ అర్థంకాలేదు. "మొన్న కత్తులు నూరారు కదా. ఏమిటీ సంధి?"

"నువ్వు లిఫ్టుల సంగతి చూసుకోరా," అంది అక్క.

అత్తగారు మాత్రం ఏమీ అడగలేదు. వాళ్ళు మాట్లాడుకునే వేళకి ఏదో ఒక పని పెట్టుకుని ఆ వైపే తిరిగేది. వాళ్ళు ఆపగానే లోపలికి వెళ్ళిపోయేది.

చివరికి ఒక ఉదయం టీసీ డ్యూటీకి వెళ్ళబోతూ నిలబడే మొత్తం చదివింది. చదివి, కాగితాలు బల్ల మీద అంచులు సరిచేసి పెట్టింది.

"నేను తాళంచెవి ఇచ్చినప్పుడు," అంది టీసీ కిటికీలోంచి చూస్తూ, "పక్కింటావిడ ఒక్క మాటా అడగలేదు. తాళంచెవి తీసుకుని నా చెయ్యి ఒక్కసారి గట్టిగా నొక్కింది. నీకు చెప్పలేదది. ఎవరికీ చెప్పలేదు." నల్లకోటు తొడుక్కుంది. "అది కూడా పెట్టు."

పుస్తకం ఆ మధ్యాహ్నమే ప్రచురణ సంస్థకి వెళ్ళింది.

* * *

ఫోన్ వచ్చినప్పుడు కోడలు షాపులో ఒకాయన చేత గోడ మీద అక్షరాలు చదివిస్తోంది.

"మీ పుస్తకం వేస్తున్నాం," అంది అవతలి గొంతు. "ఏడో అధ్యాయం ఆఫీసులో చేతులు మారుతూనే ఉంది. ఆ ఆడపడుచు మాకందరికీ ఎక్కడో చూసిన మనిషిలా ఉందండి."

ఆ తర్వాత అవతలివాళ్ళు చెప్పిందేదీ ఆమె చెవికెక్కలేదు. కుర్చీలో ఉన్న పెద్దమనిషి ఆఖరి వరస అంతా తప్పు చదివాడు. "చాలా బాగుందండీ," అంది కోడలు. ఆయన నమ్మలేక కళ్ళు నులుముకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

కత్తెరమ్మకి ఫోన్ చేసి చెప్పింది. ముందు ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. "ఈ సాయంత్రమంతా గర్వపడు," అంది. "సిగ్గుపడకుండా, దాచుకోకుండా పడు. చాలామంది ఇదొక్కటీ సరిగ్గా చెయ్యరు, పిసినారుల్లాగా. రేపు పొద్దున మాత్రం కొత్త కాగితం తియ్యి."

సాయంత్రం టీసీ రైలు దిగి నేరుగా వచ్చింది. గుమ్మంలోనే సంగతి విని, కోటు కూడా విప్పకుండా మరదలిని రెండు చేతులా ఎత్తి గిర్రున తిప్పింది. తర్వాత బాల్కనీలోకి వెళ్ళి, బోగీ ఆ చివరికి వినపడే గొంతుతో, "మా మరదలి పుస్తకం అచ్చవుతోంది," అని అరిచింది. అటు నాలుగు కిటికీలు, ఇటు మూడు కిటికీలు తెరుచుకున్నాయి. పైఅంతస్తులో ఎవరో చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియకపోయినా కిందివాళ్ళూ కొట్టారు.

భర్త తను బాగుచేసే లిఫ్టుల తాలూకు ప్రతి బిల్డింగుకీ ఫోన్ చేసి చెబుతున్నాడు. "ఆగిపోయిందని కాదండీ," అంటున్నాడు. "మా ఆవిడ రచయిత్రి, అది చెబుదామని."

కోడలు నవ్వీ నవ్వీ దవడలు నొప్పిపుట్టి సోఫాలో కూలబడింది. తన గురించి ఆ మాట విని తనే తడబడింది. రచయిత్రి. ఒళ్ళంతా వెచ్చగా అయింది.

"ఆ అధ్యాయం తీసేశావు కదా?"

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"లేదత్తయ్యా. మార్చాను."

"ఏం మార్చావు?"

కోడలు వదిన వైపు చూసింది. టీసీ అప్పటికే అలమారలోంచి కాగితాలు తీసింది. "నేను చదువుతానమ్మా. కూర్చో. ఒరే, నువ్వూ ఫోన్ పెట్టేసి కూర్చో."

చదివింది. రైలు గొంతుతో కాదు, తనకి తను చెప్పుకుంటున్నట్టు. బట్టల షాపు వచ్చింది, డాక్టరు వచ్చాడు. తమ్ముడు మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. వదిలేసింది ఎవరో అర్థమైనప్పుడు మెల్లగా, బావ కాలర్ పట్టుకున్న తన కుడిచెయ్యి చూసుకుని, దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. "చెప్పొచ్చు కదక్కా," అన్నాడు. ఆమె చదవడం ఆపలేదు.

కథలో కూతురు పుట్టింటికి చేరింది. తల్లి గదిలోంచి వచ్చి, వాడే వదిలేశాడని చెప్పుకుందాం, నీకూ మాకూ అదే మంచిది, అంది.

"ఆగు," అంది అత్తగారు.

టీసీ ఆగింది.

"ఆ మాట నాది కాదు."

"నువ్వేగా అమ్మా వచ్చి చెప్పింది."

"నోరు నాది. మాట మీ నాన్నది." ఆవిడ కళ్ళు కాగితాల మీదే ఉన్నాయి. "లోపల కూర్చుని, వెళ్ళి అలా చెప్పు, అన్నారు. నేను వద్దన్నాను. పిల్ల తనంతట తను వచ్చింది, ఉన్నదున్నట్టే చెప్పుకుందాం, అన్నాను. గొంతు చించుకుని అన్నాను. ఆ గది తలుపు వేసి ఉంది, నీకు వినపడలేదు."

టీసీ చేతిలోని కాగితం మెల్లగా కిందికి దిగింది. "మరి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేమమ్మా?"

"నన్నెవరడిగారే?"

కోడలు లేచింది. కుర్చీ లాక్కుని అత్తగారికి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. "నేనడుగుతున్నాను అత్తయ్యా. మొదట్నుంచీ చెప్పండి."

ఎదుటి కిటికీల్లో జనం ఇంకా అక్కడే ఉన్నారు. కొడుకు బాల్కనీ తలుపు వెయ్యడానికి లేచాడు.

"ఉండనీరా," అంది ఆవిడ. "తెరిచే ఉండనీ."